ఆరుగురిలో ఒకరికే: అమెరికా డేకేర్ సబ్సిడీ వెనక ఎనభై ఏళ్ల కథ

అమెరికా ఆరోగ్య, మానవ సేవల శాఖ 2019 ఆర్థిక సంవత్సరానికి తీసిన లెక్క ఇది. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిబంధనల ప్రకారం డేకేర్ సబ్సిడీకి, అంటే తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు డేకేర్ ఖర్చులో ప్రభుత్వం చేసే సాయానికి, అర్హులైన పిల్లలు కోటీ 25 లక్షలు. నెలకు సగటున అందుకున్నవాళ్లు 20 లక్షలు. అంటే ఆరుగురిలో ఒకరు. ఆ ఒక్క ఏడాదే ఇలా జరిగిందా అంటే కాదు. 1999లో కోటిన్నర మందిలో 18 లక్షలకు, అంటే నూటికి 12 మందికి అందింది. 2012లో కోటీ 42 లక్షల మందిలో 22 లక్షలకు, అంటే నూటికి 15. ఈలోగా అధ్యక్షులు మారారు, బడ్జెట్లు పెరిగాయి, తగ్గాయి. ఈ వాటా మాత్రం అక్కడక్కడే తిరుగుతోంది.

మన దగ్గర పింఛను రాలేదంటే ఫైలు ఎక్కడో ఆగిందనో, మధ్యలో ఎవరో మింగారనో అనుకుంటాం. అక్కడి చిక్కు వేరు. విస్తర్లు ఎన్ని వేయాలో ఒక చట్టం చెబుతుంది, ఎంత వండాలో ఏటా బడ్జెట్ చెబుతుంది. రెండింటికీ పొంతన ఉండాలని ఎవరూ రాయలేదు.

విచిత్రమేమిటంటే, ఆదాయం అడక్కుండా పిల్లల్ని చూసుకున్న రోజులు ఆ దేశంలోనూ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సరిహద్దులకు వెళ్తే ఫ్యాక్టరీలకు ఆడవాళ్లు కావలసి వచ్చారు. లాన్‌హమ్ చట్టం కింద 1943 నుంచి ఫెడరల్ డబ్బుతో శిశు సంరక్షణ కేంద్రాలు తెరిచారు. 1944 జులై నాటికి అవి 3,100 దాకా ఉండేవి, వాటిలో సుమారు 1,30,000 మంది పిల్లలు. తల్లి జీతమెంతో ఎవరూ అడగలేదు, రోజుకు 50 నుంచి 75 సెంట్లు కడితే చాలు. పోర్ట్‌లాండ్‌లో కైజర్ నౌకా నిర్మాణ కేంద్రాల దగ్గర కట్టినవైతే రాత్రీ పగలూ నడిచేవి. షిఫ్టు దిగి వచ్చిన తల్లి బిడ్డను తీసుకుని, వండిన భోజనం కూడా కొనుక్కుని ఇంటికి వెళ్లే ఏర్పాటు చేశారు. ఇంటికెళ్లి మళ్లీ పొయ్యి వెలిగించే ఓపిక ఆమెకు ఉండదని ఎవరికో తట్టింది! యుద్ధం ముగిసింది, 1946కల్లా ఫెడరల్ డబ్బు ఆగిపోయింది. కాలిఫోర్నియా లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప కేంద్రాలు మూతపడ్డాయి.

అందరి పిల్లలకూ డేకేర్ అన్న ఆలోచన మళ్లీ అంత దగ్గరగా వచ్చింది 1971లో. సెనేటర్ వాల్టర్ మాండేల్, ప్రతినిధుల సభలో జాన్ బ్రేడమస్ ముందుండి నడిపిన సమగ్ర శిశు వికాస బిల్లు రెండు సభలూ దాటింది. పేదలకు ఉచితం, మిగతావాళ్లకు ఆదాయాన్నిబట్టి రుసుము, దేశమంతటా కేంద్రాలు. డిసెంబర్ 9న నిక్సన్ వీటో చేశాడు. పిల్లల పెంపకాన్ని కుటుంబం చేతుల్లోంచి తీసి సామూహిక పద్ధతికి అప్పగించినట్టవుతుందన్నాడు. మర్నాడే అతను సంతకం చేసిన పన్ను చట్టంలో డేకేర్ ఖర్చుకు ఆదాయపు పన్ను మినహాయింపు పెంచారు. అంటే పన్ను కట్టే స్తోమత ఉన్నవాళ్లు పిల్లల్ని డేకేర్‌కు పంపితే కుటుంబ వ్యవస్థకు వచ్చిన ముప్పేమీ లేదన్నమాట. మధ్యతరగతికి పన్ను రాయితీ, పేదలకు సంక్షేమ పథకం అనే రెండు దారులు అక్కడి నుంచి మరీ విడిపోయాయని నాకనిపిస్తుంది.

1988 చట్టం ఒక మంచిపని చేసింది. సంక్షేమ సాయం మీద బతుకుతూ ఉద్యోగానికో శిక్షణకో వెళ్లే తల్లులకు డేకేర్ ఖర్చు ఇచ్చి తీరాలంది. ఆ సాయం నుంచి బయటపడ్డాక కూడా ఏడాదిపాటు ఆదుకుంది. 1990లో పెద్ద బుష్ కాలంలో తక్కువ ఆదాయం ఉన్న ఉద్యోగుల కోసం రాష్ట్రాలకు విడిగా గ్రాంట్ వచ్చింది. 1996లో క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ సంస్కరణ ఇవన్నీ కలిపి ఒకే నిధి చేసింది. డబ్బు పెరిగింది, హామీ పోయింది. ఈ సాయం ఎవరికీ హక్కుగా సంక్రమించదని చట్టంలోనే రాశారు. అదే చట్టం అర్హతను మాత్రం వెడల్పు చేసింది. రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో (సగం కుటుంబాలు దానికి పైన, సగం కింద ఉండే ఆదాయంలో) 85 శాతం లోపు సంపాదిస్తూ, తల్లిదండ్రులు పనిలోనో చదువులోనో ఉంటే, 13 ఏళ్ల లోపు పిల్లలందరూ అర్హులే. ఆరులో ఒకటి అన్న లెక్కకు బీజం ఇక్కడే పడింది.

ఈ 85 శాతం పైకప్పు మాత్రమే. డబ్బు చాలదని చాలా రాష్ట్రాలు దాన్ని బాగా కిందికి దించుకున్నాయి. 2019లో రాష్ట్రాల సొంత నిబంధనల ప్రకారం లెక్కేస్తే అర్హులు 87 లక్షలే, అందుకున్నవాళ్లు నూటికి 23. అధికారులు ఏ శాతం చెబుతున్నారో వినేటప్పుడు కింద ఏ సంఖ్య పెట్టి భాగించారో అడగాలి. అర్హత గీత దించితే ఒక్క బిడ్డను అదనంగా చేర్చకుండానే శాతం పెరుగుతుంది.

గంటకు 15 డాలర్లకు వారానికి 40 గంటలు చేసే ఒంటరి తల్లిని ఊహించుకోండి. ఏడాదికి 31,200 డాలర్లు. 2023లో దేశ సగటు డేకేర్ ఖర్చు బిడ్డకు 11,582 డాలర్లు. జీతంలో మూడోవంతు కన్నా ఎక్కువ అక్కడికే పోతుంది. దరఖాస్తుకు పేస్టబ్‌లు (జీతం రసీదులు), పని వేళల వివరాలు, బిడ్డ జనన పత్రం కావాలి. రెస్టారెంట్‌లో వారానికో రకంగా షిఫ్టు మారే మనిషి ఏ వేళలని రాస్తుంది? అన్నీ ఇచ్చినా చాలాచోట్ల వెయిటింగ్ లిస్టే. వోచర్, అంటే రుసుము బదులు డేకేర్‌కు ఇచ్చే సబ్సిడీ పత్రం, చేతికొచ్చినా డేకేర్ వాళ్లు తీసుకోవాలిగా. స్థానిక ధరల సర్వే చేసి, నూటికి 75 సీట్లు దొరికే స్థాయిలో చెల్లించమని ఫెడరల్ సర్కారు సూచిస్తుంది. చాలా రాష్ట్రాలు అంతకన్నా తక్కువే ఇస్తాయి, డేకేర్లు మొహం తిప్పుకుంటాయి. ఒకప్పుడు చాలాచోట్ల ఆరునెలలకోసారి మళ్లీ కాగితాలు చూపించాల్సి వచ్చేది. జీతం కొద్దిగా పెరిగినా సబ్సిడీ పోయేది. 2014లో ఒబామా సంతకం చేసిన సవరణ ఒకసారి అర్హులైతే ఏడాదిపాటు కదిలించొద్దంది. మంచి మార్పే. కానీ ఒక కుటుంబం ఎక్కువకాలం ఉంటే, డబ్బు పెరగనప్పుడు, ఇంకో కుటుంబం వరుసలో అంతకాలం నిలబడుతుంది.

అక్కడి మన తెలుగు ఐటీ కుటుంబాల్లో చాలామంది ఆదాయం ఈ గీత దాటే ఉంటుంది. వాళ్ల సబ్సిడీ వేరు: ఆరు నెలలు అమ్మా నాన్నా, ఆరు నెలలు అత్తగారూ మామగారూ, విజిటర్ వీసా మీద. ఆదాయం తక్కువున్న ఇళ్లలో వీసా వల్ల తాము అర్హులం కామేమోనని వెనకాడేవాళ్లూ ఉంటారు. ఈ పథకంలో చూసేది బిడ్డ పౌరసత్వ స్థితినే, తల్లిదండ్రులది కాదు.

కోవిడ్ వచ్చాక 2021లో ఒకే చట్టంతో డేకేర్ రంగానికి 3,900 కోట్ల డాలర్లు పోశారు. అందులో 2,400 కోట్లు కేంద్రాలు మూతపడకుండా నిలబెట్టడానికి. ఆ భాగం గడువు 2023 సెప్టెంబర్ 30తో తీరింది. కుటుంబ ఆదాయంలో 7 శాతానికి మించి ఖర్చు కాకుండా చూస్తామన్న బైడెన్ బిల్లు ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది.

వరుసే లేకుండా చేయబోయింది న్యూ మెక్సికో రాష్ట్రం ఒక్కటి. చమురు, సహజవాయువు ఆదాయం పోగేసిన శాశ్వత నిధిలో కొంత పసిపిల్లలకు కేటాయించాలని 2022లో అక్కడి ఓటర్లు రాజ్యాంగ సవరణే చేశారు. 2025 నవంబర్ 1 నుంచి ఆదాయ పరిమితి ఎత్తేశారు. దాంతో అక్కడ అర్హుల్లో ఎందరికి అందుతోందన్న ప్రశ్న పక్కకు జరిగి, అంతమంది పిల్లల్ని చూసుకునే టీచర్లు, వాళ్లకు నిలబడేపాటి జీతాలు ఎక్కడివన్న ప్రశ్న ముందుకొచ్చింది.