ఒక్క పాలిథీన్‌కి రెండు నంబర్లెందుకు?

"ప్లాస్టిక్ సీసాల అడుగున త్రిభుజంలో ఉండే అంకెల్లో 2, 4 రెండూ పాలిథీనే కదా, మరి రెండెందుకు?" అని ఒక డిగ్రీ విద్యార్థిని అడిగింది. అంకెలు బట్టీ పట్టించడంతో సరిపెట్టే మన పాఠాల్లో ఈ ప్రశ్నకి చోటుండదు. జవాబు మాత్రం ఒక్క బీకరులో దొరుకుతుంది.

పగిలిన వాష్ బాటిల్ (ల్యాబ్‌లో నొక్కి నీళ్లు చిమ్మే మెత్తటి సీసా) ముక్క (4), రంగు కలపని పాలరంగు క్యాన్ ముక్క (2), హోటల్ పార్సిల్ డబ్బా ముక్క (5, అంటే పాలీప్రొపిలీన్) తీసుకోండి. దగ్గర్లో మంట లేకుండా చూసుకుని ఇథనాల్‌లో వేయండి. దాని సాంద్రత 0.79 (నీళ్లది 1), కాబట్టి మూడూ మునుగుతాయి. కొద్దికొద్దిగా నీళ్లు కలుపుతూ పోండి. మిశ్రమం సాంద్రత 0.90 దాటాక పార్సిల్ డబ్బా ముక్క మెల్లగా పైకి లేస్తుంది. 0.92 దగ్గర వాష్ బాటిల్, 0.95 దగ్గర క్యాన్. తొందరపడితే మోసపోతారు: ఇథనాల్, నీళ్లు కలిస్తే వేడి పుట్టి, కరిగి ఉన్న గాలి బుడగలై ముక్కలకి పట్టుకుంటుంది. చల్లారనిచ్చి, గాజు కడ్డీతో ముక్కల్ని తట్టి అప్పుడు చూడాలి.

రెండు పాలిథీన్లకీ ముడిసరుకు ఇథిలీనే. తేడా అంతా అణువు ఆకారంలో ఉంది. జొన్నచొప్ప మోపు కట్టి చూడండి, కర్రలన్నీ ఒద్దికగా ఒరుసుకుని బిగుస్తాయి. తుమ్మకంప మోపుని ఎంత తొక్కినా సందులు సందులే. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ అనే రసాయన కంపెనీ ప్రయోగశాలలో వెయ్యికి పైగా వాతావరణాల పీడనంలో పుట్టిన పాలిథీన్ (4) కంప లాంటిది. ఆ వేడిలో, ఒత్తిడిలో, ఇథిలీన్ అణువులు అతుక్కుంటూ పెరుగుతున్న గొలుసు కొస వెనక్కి తిరిగి తన ఒంటినే కొరికి కొమ్మ వేస్తుంది. 1953లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్ ఉత్ప్రేరకంతో, మామూలు పీడనంలోనే, కొమ్మల్లేని చొప్ప లాంటి పాలిథీన్ (2) చేశాడు. దానికి 1963లో ఇటలీ రసాయన శాస్త్రవేత్త నట్టాతో కలిపి నోబెల్ ఇచ్చారు. బిగిసిన మోపు కాబట్టే క్యాన్ బరువు, గట్టిదనం ఎక్కువ. మోపు విప్పడానికి వేడి కూడా ఎక్కువే కావాలి: క్యాన్ సుమారు 130 డిగ్రీల దగ్గర కరిగితే వాష్ బాటిల్ 110 దగ్గరే కరుగుతుంది. బిగిసిన చోట్ల కాంతి చెదిరిపోతుంది. క్యాన్‌కి ఆ పాలరంగు అలా వచ్చిందే.

అన్నట్టు, రేషన్ బియ్యంలో నాలుగు గింజలు తేలగానే "ప్లాస్టిక్ బియ్యం" అని వాట్సాప్‌లో గోల మొదలవుతుంది. అవి బియ్యప్పిండికి ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బీ12 కలిపి అచ్చుపోసిన గింజలు. అసలు తేలిందల్లా ప్లాస్టిక్ అనుకుంటే నీళ్ల సీసా ముక్క, పీవీసీ పైపు ముక్క ఎందుకు మునుగుతున్నాయి? ఈ రెండింటి సాంద్రతా దాదాపు 1.4, నీళ్లతో విడదీయలేం. రాగి తీగని ఎర్రగా కాల్చి ముక్కకి తాకించి మళ్లీ మంటలో పెట్టాలి. పీవీసీలోని క్లోరిన్ వల్ల మంట ఆకుపచ్చగా మారుతుంది. పొగ విషం కనుక ఇది పొగని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

ప్లాస్టిక్ కుర్చీ ముక్క తేవద్దని మాత్రం విద్యార్థులకి ముందే చెప్పండి. పేరుకి పాలీప్రొపిలీనే అయినా ఖర్చు తగ్గించడానికి సుద్ద దట్టించినదైతే నేరుగా నీళ్ల అడుక్కి పోతుంది. కాలిస్తే తెల్లటి బూడిద మిగులుతుంది, స్వచ్ఛమైన పాలీప్రొపిలీన్ అలా మిగల్చదు.