గుప్త నిధుల వేట: ఎన్నిసార్లు ఓడినా వీడని నమ్మకం

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పాడుబడిన గుళ్లలో పీఠాలు పెకలించి, కొండ కోటల్లో గుంతలు తీసి గుప్త నిధుల కోసం వెతకడం కొత్త సంగతి కాదు. ఈ నమ్మకానికి ఆధారం బొత్తిగా లేదనీ అనలేం. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిన తర్వాత విజయనగర పాలకులు మొదట పెనుకొండకు, ఆపై ఈ ప్రాంతంలోని చంద్రగిరికి రాజధానిని మార్చుకున్నారు, కాబట్టి వారి ధనం ఇక్కడే ఎక్కడో దాగి ఉంటుందన్న ఊహకు చోటుంది. విగ్రహ ప్రతిష్ఠ వేళ పీఠం కింద యంత్రంతో (మంత్రాక్షరాలు చెక్కిన రేకుతో) పాటు నవరత్నాలు, బంగారు తునకలు ఉంచే ఆచారం ఉంది. బ్యాంకులు లేని కాలంలో కలిగినవారు సొమ్మును బిందెల్లో పెట్టి భూమిలో దాచుకునేవారు, అవి అడపాదడపా బయటపడేవి. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలన్న చట్టం 1878లోనే వచ్చింది.

కాబట్టి ఆశ పుట్టడాన్ని మూర్ఖత్వమనలేం. తవ్విన చోట మట్టి తప్ప మరేదీ కనబడని రాత్రి తర్వాత ఏం జరుగుతుందన్నదే అసలు విషయం. ముహూర్తం తప్పిందని, బలి చాలలేదని, వచ్చినవారిలో ఒకరికి నిష్ఠ లేదని మంత్రగాడు చెబుతాడు. ఆ మాటతో ఓటమి కూడా నమ్మకానికి సాక్ష్యంగా మారిపోతుంది, అప్పు చేసి డబ్బు పెట్టినవాడు మరో అప్పుకు సిద్ధపడతాడు. ఏది జరిగితే ఇది అబద్ధమని ఒప్పుకుంటాను అని తవ్వకానికి ముందే తనను తాను అడిగి ఉంటే ఈ సాకులకు చోటుండేది కాదు. ఇటీవలి ‘రైస్ పుల్లింగ్’ మోసాల్లో మంత్రానికి బదులు ఇరిడియం అనే అరుదైన లోహం, అంతరిక్ష సంస్థల మాటలు వినిపిస్తాయి. పిడుగు పడిన రాగిచెంబు బియ్యాన్ని లాగుతుందని, కోట్లకు అమ్ముడుపోతుందని విన్నవారిలో చదువుకున్నవారూ ఉంటున్నారు. చదువు మాటలను మార్చింది గానీ, తనకు లాభం చూపే మాటను తానే అనుమానించే అలవాటును నేర్పలేకపోయింది.

ఆ అలవాటు ఎంత కష్టమో చూపిన వ్యక్తి ఈ ప్రాంతంలోనే పుట్టాడు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వారు రాబోయే జగద్గురువుగా ప్రకటించి, ఆయన చుట్టూ ఒక సంఘాన్ని నిర్మించారు. కాదనడానికి ఆయనకు బయటి ఒత్తిడి లేదు, ఒప్పుకుంటే దక్కే గౌరవానికి హద్దు లేదు. అయినా 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, వేలమంది అనుయాయుల ముందే ఆ సంఘాన్ని రద్దు చేశాడు.

రాజుల ధనం ఏమైందన్న ప్రశ్నకు కొంత జవాబు శాసనాల్లో దొరుకుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1930ల్లో ప్రచురించిన ఆరు శాసన సంపుటాలు చూస్తే, స్వామికి వచ్చిన కానుకలలో చాలా భాగాన్ని ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికే వెచ్చించినట్టు తెలుస్తుంది.