చిన్నప్పటి కష్టాలకి మార్కులేసే లెక్క ఎలా వచ్చింది?

చిన్నతనంలో పడ్డ బాధలు పెద్దయ్యాక కూడా వదలవని అందరం అంటూనే ఉంటాం, కానీ దాన్ని అంకెల్లో చూపించే పని మొదలైంది ఒక బరువు తగ్గించే క్లినిక్‌లో. 1985, అమెరికాలోని శాన్ డియాగో. కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థలో పనిచేసే విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టర్‌కి ఒకటి అంతుపట్టలేదు, బాగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి వెళ్లిపోతున్నారు. కూర్చోబెట్టి అడిగితే, వాళ్లలో చాలామంది చిన్నప్పుడు లైంగిక వేధింపులకి గురైనవాళ్లు. లావుగా ఉంటే ఎవరి కన్నూ తమ మీద పడదని వాళ్ల ధైర్యం. డాక్టర్లు జబ్బు అనుకున్నదే వాళ్లకి రక్షణ అన్నమాట.

తర్వాత అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ నుంచి రాబర్ట్ ఆండా కలిశాడు, 1995-97 మధ్య 17 వేల మందికి పైగా జనాన్ని అడిగారు, ఇంట్లో కొట్టేవాళ్లా, తాగుబోతులు ఉండేవాళ్లా, ఎవరైనా జైలుకెళ్లారా ఇలాంటివి. ఒక్కో రకం కష్టానికి ఒక్కో మార్కు, అన్నీ కలిపితే వచ్చేదే ఏస్ (ACE) స్కోర్. 1998లో పరిశోధన పత్రం వచ్చింది. ఇలాంటివి నాలుగు రకాలు లేదా అంతకన్నా ఎక్కువ చూసినవాళ్లకి, ఒక్కటీ చూడనివాళ్లకన్నా తాగుడు, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం రిస్క్ 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. జవాబులిచ్చినవాళ్లు ఎక్కువశాతం చదువుకున్న, ఇన్సూరెన్స్ ఉన్న మధ్యతరగతి వాళ్లు, కాబట్టి ఇది పేదరికం గొడవ మాత్రమే అని తోసెయ్యడానికి లేదు.

ఇంట్లో ఎప్పుడు ఏం జరుగుతుందో అని బిక్కుబిక్కుమంటూ ఉండే పిల్లకి కార్టిసాల్ లాంటి స్ట్రెస్ హార్మోన్లు అదుపు తప్పొచ్చు, క్లాసులో పాఠం ఎక్కదు, మొండిది అని పేరు పడుతుంది, చదువు ఆగుతుంది, మంచి ఉద్యోగం దాకా వెళ్లే దారి అక్కడే మూసుకుపోతుంది.

అసలు కొట్టక్కర్లేదు, ఎవరూ పట్టించుకోకపోతే చాలు, పిల్లలు దెబ్బతింటారు. రొమేనియాలో నియంత చౌషెస్కు 1966లో అబార్షన్లు దాదాపుగా నిషేధించాడు, పెంచలేక వదిలేసిన పిల్లలతో అనాథాశ్రమాలు నిండిపోయాయి, 1989లో ప్రభుత్వం కూలాక ప్రపంచం చూసింది, లక్షమందికి పైగా పిల్లలు. వరసగా ఊయల మంచాలు, టైమ్ ప్రకారం పాలు, కానీ ఎత్తుకునే చెయ్యి లేదు, ఏడ్చినా ఎవరూ రారని ఏడవడమే మానేసిన పసివాళ్లు. 2000లో ఆ దేశ రాజధాని బుకారెస్ట్‌లో, అనాథాశ్రమాల్లోని 136 మంది పిల్లలతో స్టడీ మొదలుపెట్టి, లాటరీ పద్ధతిలో సగంమందిని పెంపుడు కుటుంబాలకి ఇచ్చారు. రెండేళ్ల వయసులోపే వెళ్లినవాళ్లు చాలా విషయాల్లో బాగా కోలుకున్నారు.

నా బాధేంటంటే, జనానికి స్కోర్ గుర్తుంది గానీ ఈ కోలుకున్న సంగతి గుర్తులేదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని ఏళ్లతరబడి గమనిస్తే, బాగా కష్టాల్లో పెరిగినవాళ్లలో కూడా మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు, వాళ్లకి అమ్మమ్మో, టీచరో, ఎవరో ఒక పెద్దమనిషి అండ ఉంది. ఈ స్కోర్ చూసి ఒక్కో పిల్లవాడి భవిష్యత్తు తేల్చకండి అని 2020లో ఆండానే రాశాడు. ఎందుకంటే ఆ దెబ్బ ఏ వయసులో తగిలింది, ఎన్నాళ్లు సాగింది, పక్కన ఎవరున్నారు అన్నది ఆ లెక్కలో లేదు.