నెల జీతం లేని వృత్తిలో లక్షల మంది

అమెరికాలో ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్లలో ఇప్పుడు మూడింట రెండొంతుల దాకా ఆడవాళ్లే. ఎక్కువమంది యాభై దాటినవాళ్లు, వేరే ఉద్యోగాలు చేసి ఇటు వచ్చినవాళ్లు. ఇదంతా వాళ్ల ఇష్టాయిష్టాలను బట్టే జరిగిందనుకుంటే పొరపాటు, నిబంధనలూ డబ్బులిచ్చే పద్ధతీ ఎవరు ఉండాలో చాలావరకు తేల్చేశాయి.

ఈ ఏజెంట్ల సంఘం, ఇప్పటి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్, 1908లో షికాగోలో పుట్టినప్పుడు ఈ వృత్తి దాదాపు తెల్లజాతి మగవాళ్ల వ్యాపారం. స్థిరాస్తి విలువ పడిపోతుందనిపించే జాతులవాళ్లను ఏ పేటలోకీ తేవద్దని 1924లో ఆ సంఘం తన నియమావళిలోనే రాసుకుంది. నల్లజాతి బ్రోకర్లకు అందులో చోటు దొరకలేదు, దాంతో 1947లో వాళ్లు వేరే సంఘం పెట్టుకున్నారు. ఇంత పాత అన్యాయం ఇప్పటికీ లెక్కల్లో కనిపిస్తూనే ఉంది, నేషనల్ అసోసియేషన్ సభ్యుల్లో అత్యధికులు తెల్లవాళ్లే.

ఆడవాళ్లకు మాత్రం దారి కాస్త ముందే తెరుచుకుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శివార్లలో ఇళ్లు విపరీతంగా లేచాయి, వేరే వృత్తులు వాళ్లను సరిగా రానివ్వని రోజుల్లో పిల్లల్ని చూసుకుంటూ వీలైన వేళ చేసుకోగల పని ఇది. అయినా నేషనల్ అసోసియేషన్‌కు మహిళ అధ్యక్షురాలు కావడానికి 1992 దాకా పట్టింది.

నా దృష్టిలో అసలు మలుపు 1982 నాటి పన్ను చట్టం. కమీషన్ మీద పనిచేసే ఏజెంటును పన్ను లెక్కల్లో ఉద్యోగిగా చూడనక్కర్లేదని అది ఖాయం చేసింది. జీతం లేదు, కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్ లేదు, పెన్షన్ లేదు, కాబట్టి ఎంతమందిని చేర్చుకున్నా కంపెనీకి పెద్దగా పోయేదేమీ లేదు. మార్కెట్ పుంజుకున్నప్పుడల్లా జనం లైసెన్స్ తీసుకుని వచ్చేస్తారు. 2006లో 13 లక్షలు దాటిన నేషనల్ అసోసియేషన్ సభ్యులు మార్కెట్ కూలాక 2012కి పది లక్షలకు పడిపోయారు, 2022లో మళ్లీ 16 లక్షల దరిదాపుల్లోకి వెళ్లి అక్కణ్నుంచి తగ్గుతున్నారు. అలా తగ్గినప్పుడు ముందు పోయేది కొత్తవాళ్లే. డీల్ లేని ఆరేడు నెలలు గడపాలంటే చేతిలో పొదుపో, ఇంట్లో ఇంకొకరి జీతమో, పాత కస్టమర్లో ఉండాలి కదా! సగటు వయసు అంతంత ఉండడానికి ఇదో పెద్ద కారణం.

2023 అక్టోబర్‌లో కాన్సాస్ సిటీ జ్యూరీ, ఇల్లు అమ్మేవాళ్లే కొనేవాళ్ల ఏజెంటుకూ కమీషన్ ఇచ్చే పద్ధతిని తప్పుపట్టింది, 2024లో సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఆ రాజీ ప్రకారం 2024 ఆగస్టు 17 నుంచి ఇల్లు చూపించకముందే కొనేవాళ్లతో రాతపూర్వక ఒప్పందం, అందులో ఏజెంటు ఫీజు ఎంతో స్పష్టంగా ఉండాలి. ఒక్క ఇల్లూ అమ్మని కొత్త ఏజెంటు నాకింత ఇవ్వండని మొదటి రోజే అడిగి ఒప్పించాలి మరి.