పొన్నంగి పిట్ట: అపోహలు, వాస్తవాలు

తిరుపతి చుట్టుపక్కల పక్షుల సర్వేలు చేసే నాకు ఏటా వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఒకే తరహా ఫోన్లు వస్తుంటాయి. తెల్లవారేసరికి వరండాలోనో, మేడమెట్ల కిందనో రంగురంగుల పిట్ట ఒకటి ముడుచుకుని కూర్చుని ఉందనీ, ఏ విదేశం నుంచో దారి తప్పి వచ్చినట్టుందనీ చెబుతారు. ఫొటో పంపమంటే చాలాసార్లు కనిపించేది పొన్నంగే. ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలి మచ్చ, కంటి మీదుగా నల్లని పట్టీ, తెల్లని గొంతు, పొట్ట అడుగున కుంకుమ ఎరుపు, ఉందా లేదా అనిపించే పొట్టి తోక దాని ఆనవాళ్లు. హిందీలో నవరంగ్ అంటారు. ఆ ఫోన్లలో పదేపదే వినిపించే మాటల గురించే ఈ వివరణ.

అపోహ: ఇది విదేశీ పక్షి.

మన జిల్లాలో వలస పక్షి అనగానే పులికాట్ రాజహంసలు గుర్తుకు వస్తాయి కాబట్టి, వలస అంటే దేశాలు దాటి రావడమేనన్న భావన బలంగా నాటుకుపోయింది. పొన్నంగి వలస దాదాపుగా మన ఉపఖండంలోనే మొదలై ఇక్కడే ముగుస్తుంది. హిమాలయ పాదప్రాంతాల్లోను, మధ్య భారతపు అడవుల్లోను నైరుతి రుతుపవనాల కాలంలో గూడు కట్టి, పిల్లలను పెంచి, ఆ పని ముగిశాక దక్షిణ భారతానికి, శ్రీలంకకు తరలి వస్తుంది. మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరానికి బయలుదేరుతుంది. శేషాచలం కొండలు ఈ రాకపోకల దారిలోనే ఉన్నాయి.

దీనిని పరాయిది అనేవారికి నేను చెప్పే మాట మరొకటుంది. 1816లో వియెయో అనే ఫ్రెంచి పక్షిశాస్త్రజ్ఞుడు ఈ పక్షుల ప్రజాతికి పెట్టిన శాస్త్రీయ నామం ‘పిట్ట’. అది అచ్చంగా మన తెలుగు మాటే. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా విస్తరించిన నలభైకి పైగా జాతుల కుటుంబమంతటినీ నేడు ప్రపంచం ఆ మాటతోనే పిలుస్తోంది. ఆ మాట పుట్టిన నేల మీద నిలబడి మనం దీనిని ఏ దేశపు పక్షి అని అడుగుతున్నాం.

అపోహ: ఇది పాలపిట్ట.

కాదు. పాలపిట్ట కరెంటు తీగల మీద బాహాటంగా కూర్చుంటుంది, పొన్నంగి నేల మీద ఆకుల మధ్య తిరుగుతుంది. రెక్కల్లోని నీలం తప్ప వాటికి పోలిక లేదు.

అపోహ: ఎప్పుడో గాని కనిపించదు కాబట్టి అంతరించే దశలో ఉంది.

కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఎర్ర జాబితాలో పొన్నంగి ‘తక్కువ ఆందోళన’ వర్గంలో ఉంది. పొదల నీడలో, రాలిన ఆకులను ముక్కుతో తిరగేస్తూ పురుగులను, వానపాములను ఏరుకు తినే పక్షి, ఎనిమిది గంటలకు బైనాక్యులర్లు మెడలో వేసుకుని బయలుదేరేవారికి దొరకదు. తెల్లవారుజామున, మళ్లీ సందెవేళ అది రెండు స్వరాల ఈల వేస్తుంది. ఆ వేళను బట్టే తమిళులు దానికి ‘ఆరు మణి కురువి’, అంటే ఆరు గంటల పిట్ట అని పేరు పెట్టారు. చిత్తూరు, నగరి వైపు తమిళం తెలిసిన పెద్దలను అడిగితే ఆ పేరు చెప్పేవారు దొరకవచ్చు. కాబట్టి మేము దీనిని కళ్లతో కన్నా చెవులతోనే ఎక్కువగా లెక్కిస్తాం. ఆ ఈల ఎరుగనివారు రాసిన జాబితాలో పొన్నంగి లేదంటే, ఆ చోట పొన్నంగి లేదని అర్థం చేసుకోకూడదు.

నిజంగా ఆందోళన పడవలసిన పక్షి ఇక్కడే, మన కళ్లెదుటే ఉంది. పసుపు గొంతు పికిలిపిట్ట వలస పోదు. దక్షిణాది రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. హార్సిలీ హిల్స్ దానికి పేరున్న చోటు, ఎర్ర జాబితాలో అది ‘ప్రమాదానికి లోనయ్యే’ వర్గంలో ఉంది. అయినా బూడిద, పసుపు రంగుల ఆ పక్షి కోసం నాకు ఇంతవరకు ఒక్క ఫోను కూడా రాలేదు.

అపోహ: తక్కువ ఆందోళన అంటే ఇక పట్టించుకోనక్కరలేదు.

ఆ వర్గం చెప్పేది ఇప్పటికిప్పుడు ఆ జాతి అంతరించే ముప్పు తక్కువని మాత్రమే. ఫిన్లాండ్ నుంచి జపాన్ దాకా గూళ్లు కట్టి, చలికాలానికి ఆగ్నేయాసియాకు వెళ్లే పసుపు రొమ్ము బంటింగ్ అనే చిన్న పక్షి 2004కు ముందు ఈ వర్గంలోనే ఉండేది. వలస దారిలో, ముఖ్యంగా చైనాలో, తిండి కోసం వలలు పన్ని విపరీతంగా పట్టడంతో దాని సంఖ్య 1980 నుంచి 2013 లోపు 84 నుంచి 95 శాతం దాకా పడిపోయిందని పరిశోధకులు అంచనా వేశారు. 2017 నాటికి అది ‘అత్యంత ప్రమాదకర స్థితి’ వర్గానికి చేరింది. గుంపులు గుంపులుగా తిరిగే పక్షి కావడం వల్లనే దానిని పట్టడం అంత తేలికైంది. పొన్నంగి ఒంటరిగా తిరుగుతుంది గనుక అటువంటి వేట బెడద దానికి లేదు. దాని కష్టం మరో తరహాది.

అపోహ: శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఉంది కదా, దానికి అది చాలు.

353 చదరపు కిలోమీటర్ల ఆ అడవి విలువ తక్కువేమీ కాదు. అయితే రాత్రిపూట ప్రయాణించే ఈ పక్షి తెల్లవారే వేళకు ఎక్కడ నీడ దొరికితే అక్కడ దిగుతుంది. కాలేజీ ఆవరణలోని చెట్ల గుంపు, ఊరి చివరి వెదురు పొద, ఇంటి వెనుక పెరడు, ఏదైనా సరే, నేల మీద ఆకులు మెత్తగా పరుచుకుని ఉంటే దానికి ఆహారం దొరికినట్టే. పటంలో ఒక రంగు పూసి ‘శీతకాలపు విస్తరణ’ అని చూపించే ప్రాంతం నిజానికి ఇటువంటి చిన్న చిన్న నీడల కూర్పు. మనం శుభ్రత పేరిట ఆకులన్నీ ఊడ్చి తగలబెట్టి, పొదలు నరికి, చెట్ల కింద సిమెంటు పరిచినప్పుడు పటంలోని రంగు చెరగదు గాని, దాని కింద పక్షి దిగే చోటు మాత్రం పోతుంది.

అపోహ: కింద పడిన పిట్టకు నూకలు, నీళ్లు పెట్టి పంజరంలో ఉంచాలి.

ఇది నూకలు తినదు. బలవంతంగా ముక్కులో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోవచ్చు. పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చాలా వరకు ఇవి కిటికీ అద్దానికి తగిలి దిమ్మెరపోయినవో, ప్రయాణంలో అలసినవో అయి ఉంటాయి. గాలి రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరిచి, పిల్లులకు, పిల్లలకు అందకుండా చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో కొన్ని గంటలు ఉంచాలి. రెక్క వేలాడుతున్నా, రక్తం కనిపించినా అటవీ శాఖ వారికి అప్పగించాలి. తేరుకున్న పక్షిని దగ్గరలోని గుబురు చెట్ల కిందకు తీసుకువెళ్లి, పెట్టెను నేల మీద పక్కకు వాల్చి మూత తీసి, నాలుగడుగులు వెనక్కి జరగాలి. ఆకాశంలోకి ఎగిరిపోతుందని ఫోను పట్టుకుని పైకి చూసేవారు సాధారణంగా దాన్ని చూడలేకపోతారు. అది పొట్టి తోకను మెల్లగా ఆడిస్తూ, గెంతుకుంటూ, ఎండుటాకుల్లోకి నడిచి వెళ్లిపోతుంది.