ఆపరేషన్‌కు ముందూ తర్వాతా: పాలమూరు, నల్లగొండ పిల్లల కథ

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకాన్ని ముందుగా అమలు చేసిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగిలినవి అనంతపురం, శ్రీకాకుళం. మూడూ కరువుకో వలసకో పేరుపడ్డ జిల్లాలే. అదే ఏడాది డిసెంబరులో నల్లగొండ చేరింది. పుట్టుకతోనే అరుదైన లోపం ఉన్న బిడ్డకు ఈ ప్రాంతంలో ఆపరేషన్ ఎలా జరుగుతోందో తెలియాలంటే ఆ తేదీకి ముందూ వెనకా చూడాలి.

అంతకు ముందు దారి ఒక్కటే, హైదరాబాద్. పిల్లలకు 1953లో మొదలైన నీలోఫర్ ఆసుపత్రి, లేదంటే ఉస్మానియా, గాంధీ, నిమ్స్. నల్లగొండ పేరు వైద్య పత్రికలకు ఎప్పుడో ఎక్కింది. ఈ జిల్లా ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే పిల్లల గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్‌లో రాశారు. జబ్బు సంగతి లండన్ దాకా తెలిసింది. ఆ కాళ్లు సరిచేయించుకోవాలంటే మాత్రం పొలమో, పుస్తెలో కుదువ పెట్టి రాజధాని బస్సెక్కాల్సిందే.

2004 తర్వాత పేదలకు దొరికిన ఆసరా ముఖ్యమంత్రి సహాయనిధి. గుండెలో రంధ్రం ఉన్న పిల్లల ఆపరేషన్లకు ప్రభుత్వం డబ్బివ్వడం అప్పట్లో పెద్ద వార్త. ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా, ఎమ్మెల్యే ఉత్తరం, సచివాలయం చుట్టూ తిరుగుడు, ఆపైన ఎదురుచూపు. 2004 మే నుంచి 2007 జూన్ వరకు ఆ నిధి నుంచి 55 వేలకు పైగా కేసుల్లో 168 కోట్ల రూపాయల దాకా ఇచ్చారు. ఉత్తరం సంపాదించలేని వాళ్ల సంగతేమిటన్న ప్రశ్నకు జవాబుగా వచ్చిందే ఆరోగ్యశ్రీ. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, సిఫారసు అక్కర్లేదు. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆ పరిమితి 10 లక్షలకు చేరింది. బిడ్డ ప్రాణానికి ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడే అగత్యం తప్పించడం చిన్న మార్పు కాదు. ఈ పథకం మీద ఎన్ని విమర్శలున్నా, ఆ గౌరవం దానికి దక్కాల్సిందే.

కానీ ఆ పథకం ఆపరేషన్‌కు ధర కట్టింది. దానికి ముందు గడిచే రోజులకూ, తర్వాత గడిచే నెలలకూ కట్టలేదు. అరుదైన జబ్బుల్లో పిల్లలు నష్టపోయేది ఎక్కువగా అక్కడే.

బిలియరీ అట్రీషియా అనే జబ్బును చూడండి. సుమారు పది పదిహేను వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. కాలేయం నుంచి పేగుకు పైత్యరసం చేరవేసే నాళాలు మూసుకుపోతాయి. 1950లలో జపాన్ సర్జన్ మోరియో కసాయి దీనికి ఆపరేషన్ కనిపెట్టారు. పేగును నేరుగా కాలేయానికి కలుపుతారు. బిడ్డకు అరవై రోజులు నిండకముందే చేస్తే ఫలితం ఎక్కువ. ఆలస్యమైతే కాలేయం గట్టిపడుతుంది. ఆపైన మిగిలేది కాలేయ మార్పిడే, తల్లో తండ్రో తన కాలేయంలో కొంత కోసి ఇవ్వాలి. ఈ ఆపరేషన్ ఆరోగ్యశ్రీ జాబితాలో ఉంది. అంటే డబ్బు ఉంది, ఆపరేషన్ ఉంది. లేనిదల్లా ఆ అరవై రోజుల్లో గుర్తుపట్టే కన్ను.

ఆ అరవై రోజులూ బాలింత తల్లిగారింట్లో ఉంటుంది. బిడ్డ పసుపుగా కనిపిస్తే పొద్దుటెండలో పడుకోబెట్టమంటారు. తగ్గకపోతే పసరు పోసే ఊరికి తీసుకెళ్తారు. పుట్టిన పిల్లల్లో చాలామందికి కామెర్లు వచ్చి వాటంతట అవే పోతాయి కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేం. తేడా తెలిసేది గుడ్డలో. ఈ బిడ్డ మలం పసుపుగా ఉండదు, సున్నంలా తెల్లగా పాలిపోయి ఉంటుంది. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గక, మలం తెల్లగా ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆశా కార్యకర్త ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్తుంది. ఆరు సందర్శనలూ అరవై రోజుల లోపలే. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టగానే పట్టుకోవాలని చెప్పిన తొమ్మిది లోపాల్లో గ్రహణమొర్రి, వంకర పాదం, పుట్టు చెవుడు, గుండె జబ్బు ఉన్నాయి. బిలియరీ అట్రీషియా లేదు. తైవాన్ 2004లో మలం రంగులు ముద్రించిన కార్డును ప్రతి బిడ్డ ఆరోగ్య పుస్తకంలో పెట్టింది. అరవై రోజుల లోపు ఆపరేషన్లు పెరిగాయి. కాగితం మీద నాలుగు రంగులు అచ్చువేయడానికి మనకు అడ్డేమిటి?

ఆపరేషన్ తర్వాతి కాలానికి మరో ఉదాహరణ, మలద్వారం లేకుండా పుట్టే బిడ్డ. సుమారు అయిదు వేల కాన్పులకు ఒకరు. దీన్ని చాలావరకు పుట్టగానే గుర్తుపడతారు, ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేస్తారు. ఎక్కువమందికి అది మూడు దశల్లో సాగుతుంది. ముందు మలం బయటికి రావడానికి పొట్ట మీద దారి చేస్తారు, కొన్ని వారాలకో నెలలకో మలద్వారం ఏర్పాటు చేస్తారు, ఆ తర్వాత పొట్ట మీద దారి మూస్తారు. మధ్యలో తల్లి చేయాల్సినది డిశ్చార్జి కాగితంలో రెండు వరుసలే. కొత్తగా చేసిన ద్వారం ముడుచుకుపోకుండా లోహపు కడ్డీని రోజుకు రెండుసార్లు ఆమే లోపలికి పెట్టి తీయాలి. వారాలు గడిచేకొద్దీ కడ్డీ లావు పెంచాలి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఒకరు కాళ్లు పట్టుకోవాలి. పొట్ట మీది దారి చుట్టూ చర్మం ఒరిసిపోకుండా గుడ్డలు మార్చి ఉతుకుతూ ఉండాలి. ఇది నెలల తరబడి సాగుతుంది. అచ్చంపేట దగ్గరి తండాలోనో, దేవరకొండ అవతలి ఊళ్లోనో ఆ ఇంట్లో అప్పుడు ఒకే కూలి వస్తుంది. ముంబైకో పుణేకో పనికి పోయే కుటుంబమైతే ఆ ఏడాది అడ్వాన్సు తీసుకోవడమా, మూడో ఆపరేషన్ దాకా ఆగడమా అన్న లెక్క వేసుకోవాలి. ఆగకపోతే పొట్ట మీది దారి అలాగే ఉండిపోతుంది.

2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం గురించి కూడా ఆశలు చాలా ఉన్నాయి. మొదట 20 లక్షలు అన్న సాయాన్ని 2022లో 50 లక్షలకు పెంచారు. హైదరాబాద్‌లో నిమ్స్, డీఎన్ఏ పరీక్షల పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అందుకు కేంద్రంగా ఉన్నాయి. అయితే అది కొన్ని నిర్దిష్ట వ్యాధులకే. ఆ పట్టికలో లేని బిడ్డకు మళ్లీ ఆరోగ్యశ్రీయే దిక్కు.

మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లోనూ 2019లోనే తరగతులు మొదలయ్యాయి. రోజుల బిడ్డకు ఆపరేషన్ చేయాలంటే సర్జన్ ఒక్కరే చాలరు. పసిపిల్లలకు మత్తివ్వగల డాక్టరు, వెంటిలేటర్, రాత్రింబవళ్లు నర్సులు కావాలి. అన్ని జిల్లాల్లోనూ అది ఇప్పటికిప్పుడు సాధ్యం కాదని ఒప్పుకుందాం. కానీ ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగినా, తర్వాతి చూపింపులు, కుట్లు, కడ్డీ కొలత మార్చడం జిల్లా కాలేజీ ఆసుపత్రిలో చేయవచ్చు. వారానికి ఒక రోజు ఓపీ పెడితే గద్వాల తల్లికి రెండు రోజుల కూలి మిగులుతుంది. ఆరోగ్యశ్రీలో కొన్ని ఆపరేషన్లకు ఏడాది పాటు మందులకూ పరీక్షలకూ ఫాలోఅప్ ప్యాకేజీ ఇప్పటికే ఉంది. తల్లి పోగొట్టుకునే కూలిని, బస్సు చార్జీలను అందులో చేర్చి, దశలవారీ ఆపరేషన్లు పూర్తయ్యే దాకా ఇవ్వాలి. ఆశా కార్యకర్త సంచిలో మలం రంగుల కార్డు పెట్టాలి. ఈ రెండింటినీ మొదలుపెట్టాల్సింది కూడా మహబూబ్‌నగర్‌లోనే.