నెయ్యి, పెరుగు లేని పప్పన్నం

మా మేనకోడలు సెలవులకి వచ్చీ రాగానే "మావయ్యా, నేను వీగన్ అయిపోయాను, నాకోసం ప్రత్యేకంగా ఏమీ చెయ్యొద్దు" అంది. ఇంట్లో కాసేపు టెన్షన్. బాదం పాలు కొనాలా, టోఫు ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది అని లెక్కలు మొదలయ్యాయి. నిదానంగా కూర్చుని చూస్తే మనం రోజూ తినే అన్నం, పప్పు, కూర, పచ్చడి, చారు వరసలో జంతువు నుంచి వచ్చేవి రెండే ఉన్నాయి. మొదటి ముద్దలో నెయ్యి, చివరి ముద్దలో పెరుగు.

వీగన్ అనే మాటను 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కలిసి పుట్టించారు. మాంసం, గుడ్లే కాదు, పాలు కూడా ముట్టనివాళ్లకి అప్పటిదాకా వేరే పేరు లేదు. మన దగ్గర శాకాహారమంటే పాలూ పెరుగూ అందులో భాగమే కాబట్టి ఈ తేడా మనకి కాస్త కొత్తగా అనిపిస్తుంది. సరే, ఆ రెండూ తీసేస్తే అవి చేసే పనులు ఎవరు చేస్తారు? ఇది రుచికి సంబంధించిన ప్రశ్నే కాదు, కొంత కెమిస్ట్రీ, కొంత పోషణ కూడా.

ముందు పప్పు ఉడకాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో రూంలో మొదటిసారి పప్పుచారు చేద్దామని కందిపప్పు, చింతపండు, ఉప్పు, కారం అన్నీ ఒకేసారి కుక్కర్లో వేసి మూతపెట్టాను. ఆరు విజిల్స్ తర్వాత కూడా పప్పు పలుకు పలుకుగానే ఉంది. అమ్మకి ఫోన్ చేస్తే "చింతపండు ముందే ఎందుకేశావురా?" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. కారణం నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. పప్పు గింజలో కణాలని ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురు పెక్టిన్. వేడికి అది కరిగితేనే కణాలు విడిపోయి పప్పు మెత్తబడుతుంది. పులుపు ఆ జిగురుని సులువుగా కరగనివ్వదు. బోరు నీళ్లలో ఎక్కువగా ఉండే కాల్షియం, మెగ్నీషియం దాన్ని ఇంకా బిగిస్తాయి. నా రూంలో ఉన్నది బోరు నీళ్లే, అంటే రెండు వైపులా దెబ్బ. టమాటా కలిపి కుక్కర్లో పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఉడకదని కాదు, ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ పడతాయి అంతే. గోంగూర, చింతపండు లాంటి గట్టి పులుపుల్ని మాత్రం విడిగా ఉడికించి తర్వాత కలుపుకోవడం మేలు. త్వరగా ఉడకాలని చిటికెడు వంటసోడా వేసే అలవాటు కొందరికి ఉంది, పప్పు మెత్తబడే మాట నిజమే గాని ఆ సోడా బి1 విటమిన్‌ని పాడుచేస్తుంది. త్వరగా ఉడికించే పని కుక్కర్ ఎలాగూ చేస్తుంది, మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతే కుక్కర్లో ఒత్తిడి వల్ల 120 డిగ్రీల దాకా వెళ్తాయి.

నలుగురికి 150 గ్రాముల కందిపప్పు సరిపోతుంది. అరగంట నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే మంచిది, కడుపుబ్బరం తెప్పించే చక్కెరలు కొన్ని ఆ నీళ్లతో పోతాయి (మన పేగులు వాటిని అరిగించలేవు, కింద పెద్దపేగులో ఉన్న బాక్టీరియా వాటిని తిని గ్యాస్ చేస్తుంది). కొత్త నీళ్లు మూడింతలు పోసి, పసుపు, ఒక చుక్క నూనె వేసి నాలుగు విజిల్స్ రానిస్తే చాలు. నూనె చుక్క నురగ పొంగకుండా ఆపుతుంది.

పప్పులో మాంసకృత్తులు నూటికి ఇరవై పైచిలుకు ఉంటాయి, అంటే ఆ 150 గ్రాముల్లో సుమారు 33 గ్రాములు. మనిషికి ఎనిమిది. వంద గ్రాముల బియ్యం వండుకుంటే ఇంకో ఏడు. అయితే లెక్క కన్నా ఆసక్తిగా ఉండేది వాటి జత. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతాయి. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో మెథియొనిన్ అనే ఇంకోటి తక్కువ, ఆ లోటు బియ్యం పూడుస్తుంది. రెండూ ఒకే పూట తినాలన్న నియమం కూడా ఏమీ లేదు, రోజు మొత్తంలో కలిస్తే చాలు. ఇదంతా తెలియకుండానే అన్నంలో పప్పు కలుపుకోవడం మొదలుపెట్టినవాళ్లు రుచి చూసే కలుపుకుని ఉంటారని నా అనుమానం.

ఇక నెయ్యి సంగతి. నెయ్యికి తన సొంత వాసన ఉంటుంది, దాన్ని ఇంకోటి అచ్చంగా ఇవ్వలేదు, ఒప్పుకోవాలి. కానీ పప్పన్నంలో అది చేసే పెద్ద పని వేరే, మసాలా దినుసుల్లో నూనెలో మాత్రమే కరిగే వాసనల్ని, రుచుల్ని నాలుక దాకా మోసుకురావడం. ఎండుమిర్చి కారం, పసుపు రంగు, ఇంగువ వాసన, ఇవి నీళ్లలో సరిగా కరగవు, కొవ్వులో కరుగుతాయి. ఆ పని వేరుశనగ నూనెతోనో నువ్వుల నూనెతోనో వేసిన మంచి పోపు అంతే బాగా చేస్తుంది. కాకపోతే నెయ్యి లేనప్పుడు పోపు మీద శ్రద్ధ పెట్టాలి, నూనె విషయంలో పిసినారితనం పనికిరాదు.

పోపులో ఆవాలు ఎందుకు చిటపటలాడతాయంటే గింజ లోపలి తేమ ఆవిరై గట్టి పొట్టుని పేల్చుకుని బయటికి వస్తుంది. అసలు విశేషం అది కాదు. అవే ఆవాలు పచ్చివి నూరి అరటికాయ కూరలో కలిపితే ముక్కు అదిరిపోతుంది, పోపులో వేస్తే మాత్రం ఏదో వేయించిన పప్పులా కమ్మగా ఉంటాయి. ఎందుకంటే ఆవగింజలో ఘాటు ముందుగా తయారై ఉండదు. దానికి కావలసిన పదార్థం ఒక చోట, దాన్ని విడగొట్టే ఎంజైమ్ ఇంకో చోట విడివిడిగా ఉంటాయి. గింజని తడితో నూరితే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. కాగే నూనెలో పడితే ఆ ఎంజైమ్ పాడైపోతుంది, ఇక ఘాటు పుట్టే దారి లేదు. ఆవపెట్టిన కూరలో ఆవపిండిని పొయ్యి దించాక ఎందుకు కలుపుతారో దీన్ని బట్టి అర్థమవుతుంది.

శనగపప్పు, మినప్పప్పు కాస్త ఎరుపెక్కాక ఆవాలు, అవి చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిర్చి, మంట తగ్గించి ఇంగువ, చివర కరివేపాకు. ఈ వరసలో మర్మమేమీ లేదు, త్వరగా మాడేవి వెనక వస్తాయి. ఇంగువ మన వంటలో ఇంతగా కలిసిపోయినా అది పుట్టేది ఎక్కువగా ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్ ప్రాంతాల్లో, మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో నాటడం మొదలైంది 2020లో.

చారు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, చింతపండు రసం, మిరియాలు జీలకర్ర దంచిన పొడి, కొత్తిమీర, ఒక పొంగు రాగానే దించెయ్యడం. ఎక్కువ మరిగిస్తే వాసనలు వంటింట్లో తిరుగుతాయి, గిన్నెలో మిగలవు. చింతపండు పులుపు మాత్రం ఎంత మరిగించినా పోదు, అందులోని టార్టారిక్ ఆమ్లం ఆవిరయ్యేది కాదు. మిరియాల గురించి ఇంకో మాట. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు పసుపులోని కర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపరిన్ ఇస్తే ఆ కర్కుమిన్ రక్తంలోకి ఇరవై రెట్లు ఎక్కువగా చేరిందని చూపించారు. వాళ్లు ఇచ్చింది రెండు గ్రాముల శుద్ధ కర్కుమిన్, మన చారులో పడేది చిటికెడు పసుపు, కాబట్టి చారుని మందు అనకుండా చారుగానే తాగుదాం.

పెరుగు దగ్గరే అసలు చిక్కు. అది మూడు పనులు చేస్తుంది: చివర్లో చల్లటి పులుపు, కాల్షియం, బి12 విటమిన్.

పులుపు సులువు. తరవాణి అని ఒకటుండేది గుర్తుందా? కుండలో గంజి పులియబెట్టి అందులో అన్నం వేసుకుని ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తినేవాళ్లు. అందులో పులుపు పుట్టించేది కూడా పాలని తోడుపెట్టే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా జాతులే, పాలు లేకుండా అన్నంలోని పిండితో అదే పని చేస్తాయి. మా మేనకోడలు మాత్రం వేరుశనగలు నానబెట్టి, రుబ్బి, వడకట్టి, కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిర్చి తొడిమలు వేసి పెరుగు చేసింది. తోడుకుంది కూడా. వేరుశనగ వాసన నాకు అంతగా ఎక్కలేదు గాని అల్లం, కరివేపాకు పోపు పెట్టి దద్దోజనం చేస్తే రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

కాల్షియానికి రాగులు ఉన్నాయి. వంద గ్రాముల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములుంటే వంద గ్రాముల రాగుల్లో 340కి అటూ ఇటూ. అదంతా ఒంటికి పట్టదు, రాగుల్లోని ఫైటేట్ కొంత పట్టి ఉంచుతుంది, మొలకెత్తిస్తే అది తగ్గుతుంది. పాలకూర, తోటకూరల్లో కాల్షియం ఉన్నా ఆక్సాలేట్ దాన్ని కట్టిపడేస్తుంది, వాటిని ఈ లెక్కలో వెయ్యకపోవడమే నయం. పప్పులో, ఆకుకూరల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టడానికి మాత్రం నిమ్మకాయ బాగా సాయం చేస్తుంది, పొయ్యి కట్టేశాక పిండితే అందులోని సి విటమిన్ వేడికి పోకుండా ఉంటుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ సాయం చాలావరకు వృథా.

బి12కి మాత్రం వంటింట్లో జవాబు లేదు. దాన్ని తయారుచేసేది బాక్టీరియా, మొక్కలు కాదు. చద్దన్నంలో, ఇడ్లీ పిండిలో ఉంటుందని ఎంతమంది చెప్పినా దానిమీద ఆధారపడకూడదు. రోజుకి కావలసింది రెండున్నర మైక్రోగ్రాముల లోపే, కాలేయంలో నిల్వ ఏళ్ల తరబడి వస్తుంది, అందుకే లోటు వెంటనే తెలియదు, తెలిసేసరికి నరాల మీద ప్రభావం పడి ఉండొచ్చు. డాక్టర్ని అడిగి మాత్ర వేసుకోవాలి, ఖరీదు ఎక్కువేమీ కాదు. మా మేనకోడలు ఈ విషయంలో నాకన్నా ముందే ఉంది, బ్యాగులో మాత్రలు తెచ్చుకుంది.

ఖర్చు? కిలో కందిపప్పు 160, బియ్యం 55 రూపాయలు అనుకుంటే పప్పుకి 24, 400 గ్రాముల బియ్యానికి 22. కూర, చింతపండు, నూనె, పోపు సామాను కలిపి ఇంకో నలభై వేసుకున్నా నలుగురికీ వంద దాటదు. బాదం పాల డబ్బా ఒక్కటి ఆ డబ్బుకి రాదు.

కొనే సరుకులో ఒక జాగ్రత్త ఉంది. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారమని మాత్రమే, పాలపొడి, నెయ్యి ఉన్నవాటికీ అదే చుక్క. వీగన్‌కి వేరే గుర్తు, ఆకుపచ్చ ఇంగ్లీషు 'V' అక్షరం మీద చిన్న ఆకు.

ఇంత చదివి, ఇంత లెక్కవేసి, ఆ రోజు పప్పు, చారు, వేరుశనగ పెరుగు అన్నీ పెట్టి, పక్కన నంచుకోవడానికని కరకరలాడే ఊరమిరపకాయలు వేయించి గర్వంగా వడ్డించాను. మా మేనకోడలు ఒకటి చేతిలోకి తీసుకుని, "మావయ్యా, వీటిని మజ్జిగలో కదా ఊరబెట్టేది?" అంది.